గడువు తీరిన సర్టిఫికెట్లు, తీరని కుళ్ళు

క్లాసులో అడుగు పెట్టగానే లిడియాకు తిరిగి ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది.

మదనపల్లె సీటీఎం రోడ్డులో, ఒక బేకరీ పైన ఉంది ఆ కోచింగ్ సెంటర్. ఇరవై కుర్చీలు, పందొమ్మిది మంది పిల్లలు. ఎవరికీ ఇరవై రెండు దాటి ఉండవు. లిడియాకు ముప్పై నాలుగు. వానకు తడిసిన చున్నీ దులుపుకుంటూ చివరి వరుసలో కూర్చోబోతుంటే, బోర్డు మీద రాస్తున్న సారు వెనక్కి తిరిగాడు.

ఆయన చేతిలోని మార్కర్ జారి కింద పడింది.

"మేడమ్... మీరా?"

హేమంత్! పుంగనూరు హేమంత్. తొమ్మిదేళ్ళ కిందట బెంగళూరు ఆఫీసులో ట్రైనీగా చేరినవాడు. కేబుల్ చివర ప్లగ్గు బిగించబోయి వేలు కోసుకుంటే ప్లాస్టర్ వేసి, ఎనిమిది రంగుల తీగలు ఏ వరుసలో పెట్టాలో నేర్పించింది లిడియానే.

"ఇక్కడ నువ్వే సారువి. కానివ్వు," అంది లిడియా నవ్వలేక నవ్వుతూ.

"సరే. రౌటర్లు ఒకదానికొకటి దారి ఎట్లా చెప్పుకుంటాయి? ఎవరైనా?"

లిడియా చెయ్యి దానంతట అదే లేచింది. పాత పద్ధతి పేరు చెప్పి, అది ఎలా పనిచేస్తుందో గుక్క తిప్పుకోకుండా వివరించింది. హేమంత్ కాస్త ఇబ్బంది పడ్డాడు.

"కరెక్టే మేడమ్. కానీ దాన్ని సిలబస్‌లోంచి తీసేసినారు."

క్లాసు గొల్లుమంది. ముందు వరుసలో రెండు జడలేసుకున్న ఒక అమ్మాయి వెనక్కి తిరిగి, చాలా అమాయకంగా అడిగింది. "ఆంటీ, మీరు ఎప్పుడు సదివినారు?"

ఆంటీ!

"సంగీతా! ఆమె నాకు గురువు," అన్నాడు హేమంత్.

"అట్లనా మామా?"

క్లాసు మళ్ళీ గొల్లుమంది. "క్లాసులో సార్ అనమన్నాను గదా," అని హేమంత్ తల పట్టుకున్నాడు.

క్లాసయ్యాక మెట్ల మీద వాన తగ్గే దాకా ఇద్దరూ నిలబడ్డారు.

"ఏమైపోయినారు మేడమ్? నెల రోజులు లీవని పోయినారు, మళ్ళీ రానే లేదు."

"నాన్నకు పక్షవాతం వచ్చింది. అమ్మ ముందే పోయింది. నెలే అనుకున్నా. ఎనిమిదేళ్ళయింది." వాన వైపు చూస్తూ చెప్పింది. "సర్టిఫికెట్లు మూడేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి గదా. అప్పుడు నేను నాన్నకు స్పూనుతో గంజి తాగిస్తా ఉండాను. రెండూ పోయినాయి. ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని నడుస్తాండాడు. నేను మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి."

"మీకు రెండు నెలలు చాలు."

"చూద్దాం. ఆ అమ్మాయి ఎవరు?"

"మా అక్క కూతురు. వాళ్ళది బైరెడ్డిపల్లె. పుంగనూరులో మా అమ్మ దగ్గరుండి సదువుకుంటాండాది. నేను వారమంతా కుప్పంలో ఒక కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తాను. శని, ఆదివారాలు ఈడ క్లాసులు." చెయ్యి బయటికి చాపి చినుకులు చూశాడు. "అవును గానీ, శరత్ బాబు సార్ మాట్లాడుతుంటాడా మీతో?"

శరత్ బాబు వాళ్ళ పాత టీమ్ లీడర్.

"లేదు. యాల?"

"ఊరికే."

ఇంతలో సంగీత హెల్మెట్ ఊపుకుంటూ దిగింది. "మామా, పోదాం పా. మళ్ళీ మబ్బు పడతాండాది."

ఆమె బండెక్కి అతని భుజం మీద చెయ్యి వేసింది. బండి మలుపు తిరిగే దాకా లిడియా ఆ చెయ్యినే చూసింది. అక్క కూతురు, మామ. ఈ వైపు ఆ రెండు మాటలు పక్కపక్కన వస్తే వెనకే ఏ మాట వస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

'నాకెందుకు?' అనుకుంది. ఇంటికి చేరేలోగా అదే మాట పదిసార్లు అనుకుంది.

తండ్రి జీవానందం మిషన్ ఆసుపత్రి మందుల గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. కూతురి మొహం చూడగానే అడిగాడు.

"సిలబస్ మారిందా అమ్మా?"

"అన్నీ మారినాయి నాన్నా."

ఆ రెండు నెలలూ లిడియా చదివింది ఎంతో, కుళ్ళుకుంది అంత.

సంగీత లెక్క చేసే వేగం చూసి కుళ్ళుకుంది. తను కాగితం మీద పైవరుస రాసేలోపు ఆ పిల్ల జవాబు చెప్పేది. ఆ పిల్ల తినే పానీపూరీని చూసి, అది హేమంత్ కొనిచ్చిందని తెలిసి ఇంకా కుళ్ళుకుంది. ఆఖరికి హేమంత్‌ను చూసినా కుళ్ళే. రోజూ సాయంత్రం అతని ప్రొఫైల్ తెరిచి, పేరు కింద వరుసగా ఉన్న మూడు సర్టిఫికెట్లను చూసేది. తను అక్షరాలు దిద్దించినవాడు తనకు పాఠం చెబుతున్నాడు. పైగా బాగా చెబుతున్నాడు. అదీ మింగుడుపడలేదు.

అర్థం కాని చోట అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాడు. "ఈడ సూడండి మేడమ్," అని వేలు పెట్టి చూపించేవాడు. అప్పుడు మాత్రం కుళ్ళు గుర్తుండేది కాదు. పాఠమూ గుర్తుండేది కాదు.

ఒక ఆదివారం పుంగనూరుకు భోజనానికి పిలిచాడు. అతని తల్లి నారాయణమ్మ రాగి సంగటి, కోడి కూర వండింది. జీవితమంతా కూలికి పోయి కొడుకును చదివించిన మనిషి. చేతులు గరుకు, మాట మెత్తన.

"తినమ్మా. బక్కగా ఉండావు. మా వోడు నీ గురించి శానా చెప్తాడు."

లిడియా గుండె ఒక్కసారి పైకి లేచింది.

"వీనికి పెండ్లి చెయ్యాల. సంగీతనే చేసుకోమని మా పెద్దకూతురు తొందర పెడతాండాది. వీడు నోరు తెరవడు. ఏం జేయాలో తోచలేదు తల్లీ."

సంగటి ముద్ద గొంతులో అడ్డం పడింది. సంగీత పరుగున నీళ్ళు తెచ్చి వీపు తట్టింది. "నిదానం ఆంటీ!"

"ఆంటీ అనొద్దు," అంది లిడియా దగ్గుతూనే.

"సరే అక్కా," అని ఆ పిల్ల హాయిగా నవ్వింది.

పరీక్ష బెంగళూరులో. ఇద్దరూ ఒకే రోజు రాశారు. జవాబు పెట్టి ముందుకు పోతే మళ్ళీ వెనక్కి రావడానికి వీల్లేని పరీక్ష అది. నెట్‌వర్కును మనిషి చేత్తో కాకుండా ప్రోగ్రాముతో నడిపించే కొత్త భాగం దగ్గర లిడియా ఆగిపోయింది. బయటికొచ్చేసరికి సంగీత ఎగిరి గంతేస్తోంది. లిడియా చేతిలోని కాగితం మీద 'ఫెయిల్' అని ఉంది.

ఆ సాయంత్రం క్లాసు గ్రూపులో హేమంత్ మెసేజ్ వచ్చింది. 'కంగ్రాట్స్ సంగీత!!!' మూడు ఆశ్చర్యార్థకాలు. లిడియా లెక్కపెట్టింది. తర్వాత అతను ఆమెకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

రెండ్రోజులకు సంగీతే పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చింది.

"తలనొప్పిగా ఉంది," అంది లిడియా తలుపు దగ్గరే.

"తలనొప్పికి మాత్ర నేనిస్తాను గానీ, లోపలికి రామ్మా," అన్నాడు జీవానందం వెనకనుంచి.

సంగీత కింద చాప వేసుకుని కూర్చుంది. "అక్కా, మీరు దీన్ని మనిషి సదివినట్ల సదవతాండారు. ఇది మెషీన్ సదివేది. ఈ బ్రాకెట్ యాడ తెరుచుకుంది, యాడ మూసుకుంది, అది సూడండి సాలు." మూడు రోజులు వరుసగా వచ్చింది. లిడియా ఒక్కసారైనా టీ ఇవ్వలేదు. జీవానందమే ఎడమ చేత్తో కాచి ఇచ్చాడు.

పన్నెండో రోజున లిడియా మళ్ళీ రాసింది. పాసైంది.

ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె పేరు మీద గడువు తీరని సర్టిఫికెట్ ఒకటుంది. బెంగళూరు నుంచి వచ్చే బస్సులో ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. మొదట తండ్రికి ఫోన్ చేసింది, తర్వాత హేమంత్‌కు. అతను ఫోన్‌లోనే కేక పెట్టాడు. "నాకు తెలుసు మేడమ్! నాకు తెలుసు!"

ఆ వారమే హేమంత్ పనిచేసే కుప్పం కాలేజీలో నెట్‌వర్క్ అసిస్టెంట్ పోస్టు పడింది. ఒక్కటే పోస్టు. లిడియా అప్లై చేసింది. సంగీత కూడా.

"ఇంటర్వ్యూలో నేనుండను. మీ ఇద్దరిలో ఎవరికొచ్చినా నాకు సంతోషమే," అన్నాడు హేమంత్.

ఎవరికొచ్చినా! ఆ మాటను లిడియా వారం రోజులు నమిలింది. కుప్పంలో ఆ పిల్లకు పని దొరికితే, అదే ఊళ్ళో మామ. పెళ్ళికి అడ్డమేముంది?

బుధవారం మధ్యాహ్నం హేమంత్ ఫోన్ చేశాడు. గొంతులో హడావుడి.

"మేడమ్, శనివారం ఇంటర్వ్యూని రేపటికి మార్చినారు. పదకొండున్నరకు. సంగీత వాళ్ళ ఊర్లో ఉండాది. దాని ఫోన్ నీళ్ళ తొట్లో పడింది. మా అక్క నా ఫోన్ ఎత్తడం లేదు, అలిగి ఉండాది. మా అమ్మ సదుం ఊర్లో పెండ్లికి పోతా ఫోన్ ఇంట్లోనే పెట్టి పోయింది. అక్క నంబర్ పంపిస్తాను, మీరు చేసి చెప్తారా? ఈడ సర్వర్ రూమ్‌లో కరెంటు పోయి తల తిరగతాండాది."

"చెప్తాను."

"పాపం, ఆ పిల్ల ఈ పని కోసం ఎంత ఎదురుచూస్తాందో మీకు తెలీదు."

ఆ 'పాపం' సూదిలా గుచ్చుకుంది. తను ఎనిమిదేళ్ళు ఎదురుచూసింది. తనను ఎవరూ పాపం అనలేదు.

నంబర్ నొక్కింది. ఒక్క రింగు వినిపించగానే కట్ చేసింది. సాయంత్రం చేద్దాంలే అనుకుంది. సాయంత్రం తండ్రికి స్నానం, వంట, ఇస్త్రీ. ఫోన్ చెయ్యడానికి సమయం దొరికింది. చెయ్యలేదు.

గురువారం ఆరు గంటల బస్సెక్కింది. ఒడిలో ఫైలు, ఫైలులో కొత్త సర్టిఫికెట్. పుంగనూరు దాటింది. పలమనేరు దాటింది. ఎన్నిసార్లు కిటికీలోంచి చూసినా చాప మీద కూర్చుని బ్రాకెట్లు చూపించిన పిల్లే కనబడింది. టీ ఇవ్వని మూడు సాయంత్రాలు గుర్తొచ్చాయి.

'బైరెడ్డిపల్లె' అని బోర్డు కనబడగానే లేచి నిలబడింది.

"ఆపప్పా! దిగేది ఉండాది!"

కండక్టర్ విసుక్కున్నాడు. "మీ టికెట్ కుప్పానికి గదమ్మా?"

"తెలుసు. ఆపండి."

రోడ్డు పక్క టీ అంగడి తిమ్మక్క దారి చెప్పింది. ఊరి చివర టమోటా తోటలో సంగీత తల్లితో కలిసి కాయలు కోస్తోంది. లిడియాను చూడగానే మోకాళ్ళ దాకా బురదతో పరిగెత్తుకొచ్చింది.

"అక్కా! మీరేంది ఈడ?"

"ఇంటర్వ్యూ ఈ రోజుకు మార్చినారు. పదకొండున్నరకు. నిన్న మధ్యాహ్నమే హేమంత్ నాకు చెప్పినాడు, నీకు చెప్పమని." లిడియా ఊపిరి తీసుకుంది. "నేను చెప్పలేదు. మరిచిపోయి కాదు. కావాలనే చెప్పలేదు."

సంగీత చేతిలోని టమోటా అలాగే ఉండిపోయింది. "యాల అక్కా?"

"కుళ్ళు."

"నా మీద? నాకేముందని?"

లిడియా చూపు పక్కకు తిప్పుకుంది. ఆ పిల్ల ఆమె మొహం వైపే చూసింది. మెల్లగా ఏదో అర్థమైంది. అర్థమైనకొద్దీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపమూ వచ్చింది.

"మామ కోసమా? అక్కా, ఈ పని రాకపోతే ఈ నెల్లోనే నాకు మామతో తాంబూలాలు పెడతామన్నారు మావాళ్ళు! పని తెచ్చుకో, లేకుంటే పెండ్లి. మా అమ్మ పెట్టిన షరతు అదే. ఆయనకూ వద్దు, నాకూ వద్దు. సిన్నప్పుడు నా ముక్కు తుడిచినోణ్ణి నేనెట్ల సేసుకుంటాను? ఆ మాట మీదే మా అమ్మకూ ఆయనకూ మాటల్లేవు."

ఏ పెళ్ళి జరుగుతుందని లిడియా కుళ్ళుకుందో, ఆ పెళ్ళిని తన చేతులతో తనే చెయ్యబోయింది.

"ఏడ్చేది తర్వాత. పోయి కాళ్ళు కడుక్కో. ఐదు నిమిషాలు."

బస్సు లేదు. వి.కోట దాకా కోళ్ళ గంపల మధ్య ఆటోలో వెళ్ళారు. అక్కణ్ణుంచి కుప్పం బస్సు. ఊగుతున్న బస్సులో లిడియా తన దువ్వెనతో ఆ పిల్లకు జడ వేసింది. కాలేజీ గేటు దగ్గరికి చేరేసరికి పదకొండూ నలభై.

గంగప్ప అనే ముసలి అటెండరు టైమైపోయిందన్నాడు. లిడియా ఇంటర్వ్యూ గది తలుపు తోసి లోపలికే వెళ్ళింది. "సార్, ఈ అమ్మాయి ఆలస్యానికి కారణం నేను. దయచేసి ఆమెను ముందు పిలవండి. వీలైతే తర్వాత నన్ను పిలవండి."

ఇద్దరినీ పిలిచారు. మధ్యాహ్నం మూడుకు ఫలితం చెప్పారు. ఉద్యోగం సంగీతకు వచ్చింది. లిడియాతో ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన మర్యాదగానే అన్నాడు. "నాలెడ్జి బాగుందమ్మా. కానీ ఎనిమిదేళ్ళ గ్యాపు..."

వరండాలో సంగీత ఆమె చెవిలో గుసగుసలాడింది. "మామకు బస్సు లేటయిందని చెప్తాను. మీరేం అనొద్దు."

కానీ కుప్పం రైల్వే స్టేషన్ పక్క టీ కొట్టు దగ్గర హేమంత్ ఎదురుపడి, "నా మాట నిలబెట్టినారు మేడమ్, థాంక్స్," అనేసరికి లిడియా ఆగలేకపోయింది. ఉన్నదంతా చెప్పేసింది. కారణం తప్ప.

హేమంత్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"మిమ్మల్ని నమ్మి చెప్పినాను మేడమ్."

అంతే. వానలోనే నడిచి వెళ్ళిపోయాడు.

తొమ్మిది రోజులు ఫోన్ రాలేదు. లిడియా చెయ్యలేదు. రెండో సర్టిఫికెట్ పుస్తకం తెరిచింది. ఒక్కో పేజీ నాలుగేసిసార్లు చదివింది.

పదో రోజు, ఆదివారం, చర్చి నుంచి తండ్రిని నడిపించుకుంటూ వచ్చేసరికి ఇంటి ముందు బండి ఉంది. హేమంత్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మనిషి నీరసంగా ఉన్నాడు.

"మాట్లాడుకోండి. నాకు లోపల చాలా పనుంది," అని ఏ పనీ లేని జీవానందం లోపలికి వెళ్ళాడు.

"సంగీత చెప్పింది," అన్నాడు హేమంత్.

"ఏమని?"

"మీరు చెప్పకుండా వదిలేసిన కారణం."

లిడియా చెవులు ఎర్రబడ్డాయి. "అయితే తిట్టడానికి వచ్చినావా?"

"కాదు. నేను కూడా ఒకటి చెప్పాల. చెప్పినాక మీరే తిట్టండి." జేబులోంచి ఒక కాగితం తీశాడు. "శరత్ బాబు సార్ నంబర్. ఆయన కంపెనీలో ఇంటి నుంచి చేసే నెట్‌వర్క్ పని ఉండాది. గ్యాపున్నా పర్వాలేదు, సర్టిఫికెట్ ఉంటే సాలన్నాడు. మీ నంబర్ కావాలని నన్ను అడిగినాడు."

"ఎప్పుడు?"

హేమంత్ నేల చూపులు చూశాడు. "నెలన్నర కిందట."

"నెలన్నరా!"

"మీరు పాసైన రోజు మళ్ళీ అడిగినాడు. మీ నంబర్ మారిపోయిందని చెప్పినాను."

"యాలప్పా?"

"ఆఫీసులో అందరూ మీ ఇద్దరినీ జత కట్టేవాళ్ళు గదా. ఆయనతో మళ్ళీ మాటలు కలిస్తే మీరు బెంగళూరికి పోతారు. పోతే రారు. ఒకసారి అట్లనే పోయినారు. ఎనిమిదేండ్లు యాడుండారో కూడా నాకు తెలీలేదు." గొంతు సవరించుకున్నాడు. "కుప్పంలో మిమ్మల్ని ఆ మాట అని వచ్చినాక, బండి మీద దారంతా అదే మెదిలింది. నేను చేసిందేమి తక్కువా అని. మీకు మొహం చూపించడానికి ఇన్ని దినాలు పట్టింది."

"ఆయన పుట్టినరోజుకు ఒకసారి కేకు తెచ్చినాను. టీములో డబ్బులు పోగేసి! దానికా?"

"ఆ కేకు మీద మీరే పేరు రాసినారు."

లిడియాకు కోపం వచ్చింది. నిజమైన కోపమే. తను కుప్పంలో 'గ్యాపు' అనే మాట విని తలవంచుకున్న రోజు ఆ కాగితం ఇతని జేబులో ఉంది. ఆ మాటే అంది. హేమంత్ ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు.

"నాది ఒక్క రోజు తప్పు. నీది నెలన్నర తప్పు," అంది చివరికి.

"అవును."

"కాబట్టి నాకంటే నీకే ఎక్కువ కుళ్ళు."

"అవును."

"అన్నిటికీ అవునంటావేంది?"

"ఇంకొకటి అడగండి మేడమ్. దానికీ అవుననే అంటాను."

చినుకు మొదలైంది. ఇద్దరిలో ఎవరూ చూరు కిందికి జరగలేదు.

"నేను నీకంటే రెండేళ్ళు పెద్ద. మాది చర్చి. నాన్నను వదిలి రాను. చేతికొచ్చిన పని ఇంకోసారి ఎవరికోసమూ వదలను. నువ్వు ఎవరితో నవ్వి మాట్లాడినా నాకు ఆ రోజు అన్నం దిగదు. ఇవన్నీ తెలిసే అంటున్నావా?"

"తెలిసే."

"అయితే మేడమ్ అనడం మానెయ్యి."

"లిడియా," అన్నాడు హేమంత్. ఆ మూడక్షరాలకే అతని మొహానికి చెమటలు పట్టాయి. లిడియా పకపకా నవ్వింది.

నెల తర్వాత నారాయణమ్మ కొడుకును వెంటబెట్టుకుని మదనపల్లె వచ్చింది. పక్క గదిలో లిడియా హెడ్‌సెట్ పెట్టుకుని కొత్త ఉద్యోగంలో ఉంది. ఎక్కడో చెన్నైలో ఆగిపోయిన లింకును ఇక్కణ్ణుంచి సరిచేస్తోంది.

"పెద్దాయనా, మీ మతం వేరు, మా మతం వేరు," అంది నారాయణమ్మ కుర్చీ అంచున కూర్చుని. "మా పెద్దకూతురు ఇంకా మూతి ముడుసుకునే ఉండాది. అదీ సర్దుకుంటాది. అడగడానికి వచ్చినాను."

జీవానందం నెమ్మదిగా మాటలు కూడగట్టుకున్నాడు. "నా కోసం ఎనిమిదేండ్లు పని మానుకుంది నా బిడ్డ. ఇప్పుడు మీ ఇంటి కోసం మానుకోమంటారేమోనని, అదొక్కటే నా బయం."

నారాయణమ్మ తన రెండు అరచేతులూ తిప్పి చూపించింది. "నలభై ఏండ్లు కూలి చేసినదాన్ని సామీ. ఆడదాన్ని పని మానమనే మాట నా నోట్లో రాదు."

హేమంత్ పక్క గది వైపు చూశాడు. తలుపు దగ్గర లిడియా నిలబడి ఉంది. హెడ్‌సెట్ ఒక చెవి మీద నుంచి పక్కకు జరిపి ఉంది.

జీవానందం కుర్చీలో ముందుకు వంగాడు. కుడి చెయ్యి ఒడిలోనే ఉండిపోయింది. ఎడమ చెయ్యి చాపాడు.

"కుడి చెయ్యి లేవదమ్మా. ఎడమ చేత్తోనే ఇస్తాండాను నా బిడ్డను. ఏమీ అనుకోవద్దు."

నారాయణమ్మ లేచి వచ్చి ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది.

హెడ్‌సెట్‌లో ఎవరో "లిడియా, ఆర్ యూ దేర్?" అని పిలిచారు.

"ఉన్నాను సార్," అంది లిడియా చెంపలు తుడుచుకుంటూ. "రెండు నిమిషాలు ఆగండి, వస్తాను."